గేమ్ కొనేటప్పుడు డిస్కా, డౌన్‌లోడా: ఏది మేలు?

కొత్త కన్సోల్ (గేములు ఆడుకునే పరికరం) కొనబోతున్న మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్ తీసుకోవాలా, లేనిది సరిపోతుందా? పీసీ వాడేవాళ్లు దాదాపు ఇదే ప్రశ్నను మరోలా అడుగుతారు: ఒకే గేమ్ స్టీమ్, జీఓజీ అనే రెండు ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లోనూ దొరుకుతున్నప్పుడు ఎక్కడ కొనాలి? పైకి వేర్వేరుగా కనిపించినా ఈ రెండింటినీ నేను ఒకే ప్రశ్నగా చూస్తాను. ఇవాళ డబ్బు పెట్టి కొన్న గేమ్‌ను పదేళ్ల తర్వాత ఏదో ఒక సాయంత్రం మళ్లీ ఆడాలనిపిస్తే అది తెరుచుకుంటుందా, లేదా? ఈమధ్యే నా దగ్గరున్న గేములన్నింటినీ ఈ ఒక్క లెక్కతో సర్దుకున్నాను. ఆ పనిలో నాకు తెలిసివచ్చిన విషయాలను, చివరికి నేను ఎటు మొగ్గానన్నదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ధర, సౌకర్యం వంటి వాటిని ఎవరికి వారు తేల్చుకోగలరు కాబట్టి వాటిని క్లుప్తంగా ముగిస్తాను. డిస్క్‌ను ఆడేశాక అమ్మవచ్చు, తమ్ముడికి ఇవ్వవచ్చు, స్నేహితుడి దగ్గర నెల రోజులు ఉంచవచ్చు. డౌన్‌లోడ్‌తో ఇవేవీ కుదరవు. దానికి బదులు, డౌన్‌లోడ్ అయితే గేమ్ మారినప్పుడల్లా లేచి వెళ్లి డిస్క్ మార్చే పని ఉండదు, గీతలు పడతాయన్న భయం ఉండదు, తగ్గింపు ధరలు తరచుగా వస్తుంటాయి. ఒకసారి కథ పూర్తిచేసి వదిలేసే అలవాటున్నవారు కొత్త గేమ్‌ను డిస్క్‌పై కొని, అయిపోగానే అమ్మేసుకోవడమే మంచిది. ఇంతకన్నా లోతుగా ఆలోచించాల్సిన అవసరం వారికి లేదు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా తమ గేములను దాచుకోవాలనుకునేవారి కోసం.

దాచుకోవడం గురించి మాట్లాడే ముందు నేను చేసిన ఒక చిన్న పరీక్ష గురించి చెప్పాలి. ఒక రాత్రి రౌటర్ ఆపేసి, మూడు రకాల గేములను ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటిది నా చిన్నప్పటి చేతి కన్సోల్ కార్ట్రిడ్జ్, అంటే గేమ్ ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బీ. దాని అడుగున ఉండే బంగారు రంగు పిన్నులను ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిస్తే దూదికి నల్లటి చార అంటింది. తర్వాత కార్ట్రిడ్జ్‌ను లోపలికి నెట్టి స్విచ్ వేయగానే, క్షణాల్లో టైటిల్ తెర కనిపించింది. నేను అప్పట్లో దాచుకున్న సేవ్ మాత్రం లేదు, ఎందుకంటే దాన్ని నిలిపి ఉంచే నాణెం ఆకారపు బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. అయినా గేమ్‌కు ఏమీ కాలేదు. అది ఉన్నది కరెంటుతో పనిలేని రోమ్ చిప్‌లో కాబట్టి, ఆ బ్యాటరీ ఉన్నా లేకపోయినా దానికి ఒకటే.

రెండోది, పూర్తిగా రీసెట్ చేసిన కన్సోల్‌లో కొన్నేళ్ల కిందట కొన్న ఒక డిస్క్. ఇన్‌స్టాల్ పట్టీ చివరిదాకా నిండింది, తయారుచేసిన సంస్థ లోగో వచ్చింది, సంగీతం కూడా మొదలైంది. ఆ వెంటనే ఖాతాతో లాగిన్ అవమని అడిగే ఒక పెట్టె తెర మధ్యలో వచ్చి నిలబడింది. అది ఒక్కరే ఆడుకునే కథా గేమ్, అందులో ఆన్‌లైన్‌లో మరొకరితో కలిసి ఆడే అంశమే లేదు. అయినా ఉన్న రెండు బటన్లలో ఏది నొక్కినా తిరిగి అదే పెట్టె దగ్గరికి వచ్చాను. ఆ డిస్క్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాను. దాని మీద ఒక్క గీత కూడా లేదు. అప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ నాతో ఉంది, ఈ వ్యాసం రాయాలనిపించడానికి అదే కారణం.

మూడోది జీఓజీ నుంచి దించుకుని హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్న ఇన్‌స్టాలర్. చిన్న సెటప్ ఫైలు ఒకటి, దానికి తోడుగా నాలుగేసి గిగాబైట్ల ముక్కలు కొన్ని ఉంటాయి, అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటే చాలు. నెట్ లేని ల్యాప్‌టాప్‌కు ఆ డ్రైవ్ తగిలించి సెటప్ ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. ఇన్‌స్టాల్ పూర్తయింది, గేమ్ తెరుచుకుంది, ఎక్కడా ఎవరి పేరూ, ఏ ఖాతా వివరమూ అడగలేదు.

ఈ మూడింటినీ చూశాక డిస్కా, డౌన్‌లోడా అని విడదీయడంలో పెద్దగా అర్థం లేదని నాకు అనిపించింది. మొదలయ్యే ముందు గేమ్ ఎక్కడో ఉన్న మరొకరి అనుమతి అడుగుతుందా, అడగదా అన్నదే నా దృష్టిలో నిర్ణాయకమైన అంశం. ఆ కొలతతో చూస్తే కొన్ని డిస్కులు డౌన్‌లోడ్‌ల కన్నా బలహీనంగా, కొన్ని డౌన్‌లోడ్‌లు డిస్కుల కన్నా గట్టిగా తేలతాయి.

డిస్క్ సంగతి ముందు చూద్దాం. డిస్క్ చేతిలో ఉంటే గేమ్ మొత్తం మన దగ్గరున్నట్టే అన్న నమ్మకం ప్లేస్టేషన్ 2 రోజుల నుంచి వచ్చింది, ఆ రోజుల్లో అది నూటికి నూరుపాళ్లు నిజం కూడా. గేమ్ ఆడుతున్నంతసేపూ కన్సోల్ నేరుగా డిస్క్ నుంచే చదువుకునేది. గేములు పెద్దవవుతున్న కొద్దీ డిస్క్ వేగం చాలకుండా పోయింది. బ్లూ-రే డ్రైవ్ సెకనుకు కొన్ని పదుల మెగాబైట్లు మాత్రమే చదవగలదు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ఎస్‌ఎస్‌డీ (లోపలి నిల్వ డ్రైవ్) సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుంది. అందుకే 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ తరం నుంచే గేమ్‌ను లోపలి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం తప్పనిసరి అయింది. కాపీ అయ్యాక డిస్క్ చేసే పని, ఆ గేమ్ ఆడే హక్కు మనకుందని రుజువు చూపించడమే. అంటే అది తాళంచెవిగా మారిపోయింది.

ఈ మార్పు వల్ల రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, డిస్క్ మీద ఉండేది ముద్రణకు వెళ్లిన రోజు నాటి గేమ్. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 విడుదలైనప్పుడు పాత తరం కన్సోళ్లపై అది ఎంత లోపభూయిష్టంగా ఉందంటే, వారం రోజులకే ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి, మళ్లీ 2021 జూన్‌లో గానీ అమ్మకానికి పెట్టలేదు. తర్వాతి ఏళ్లలో వచ్చిన ప్యాచ్‌లతో, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లతో, అది చక్కటి గేమ్‌గా నిలబడింది. కానీ తొలి రోజుల్లో అచ్చయిన డిస్క్‌ను పట్టుకుని, ప్యాచ్ సర్వర్లు లేని రోజున ఆడబోయేవారికి దొరికేది ఆ మొదటి రూపమే. ఇలాంటి గేమ్‌ను డిస్క్‌పై దాచుకోవడమంటే పూర్తిచేయని ఇంటికి తాళం వేసి దాచుకున్నట్టే.

న్యాయంగా దీని రెండో వైపు కూడా చెప్పాలి. ప్యాచ్ ప్రతిసారీ మేలే చేయదు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4లో కారు రేడియోలో వినిపించే పాటల హక్కుల గడువు తీరడంతో, 2018 ఏప్రిల్‌లో వచ్చిన ఒక అప్‌డేట్ ఎన్నో పాటలను తీసేసింది. ఎప్పుడో డబ్బు కట్టి కొనుక్కున్నవారి గేమ్‌లోంచి కూడా అవి వెళ్లిపోయాయి. ఆ నగరంలో రాత్రిపూట కారు నడుపుతూ ఆ స్టేషన్లు విన్నవారికి పాటలు పోవడమంటే నగరంలో సగం పోయినట్టే. తొలి నాటి డిస్క్‌ను నెట్ తగిలించని కన్సోల్‌లో ఆడేవారికి మాత్రం ఆ రేడియో ఇప్పటికీ అలాగే వినిపిస్తుంది. పాత డిస్కులను పోగుచేసేవారి పక్షాన నేను చెప్పగలిగిన అత్యంత బలమైన మాట ఇదే, దీనికి దీటైన జవాబు డౌన్‌లోడ్‌ల దగ్గర ఉండటం అరుదు.

రెండో చిక్కు, తాళంచెవి మన దగ్గరున్నా తలుపు అవతలివైపు ఉండటం. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన ద క్రూ అనే కార్ల పందేల గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న మూసేసింది. కథ భాగాన్ని ఒంటరిగా ఆడినా సర్వర్‌తో సంబంధం ఉండి తీరాలన్న పద్ధతిలో అది తయారైంది. దాంతో డిస్క్ కొన్నవారికీ, డౌన్‌లోడ్ కొన్నవారికీ ఏమీ మిగల్లేదు. గేములను ఇలా చంపొద్దంటూ అదే ఏడాది మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమానికి కారణం ఈ మూసివేతే. ఐరోపా సమాఖ్యలో ఆ ఉద్యమం పెట్టిన వినతి 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటింది. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన కాంకార్డ్ అయితే సెప్టెంబరు 6కల్లా ఆగిపోయింది. కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తామని సంస్థ ప్రకటించింది నిజమే. అయినా డిస్క్‌గా కూడా అమ్మిన ఒక గేమ్ ఆయుష్షు పక్షం రోజులేనన్న సంగతి, డిస్క్ అనగానే శాశ్వతం అనుకునేవారు గుర్తుపెట్టుకోవాలి.

కన్సోల్ వైపు నుంచి కూడా ఈ ప్రమాదం ఉంది. 2013 మే నెలలో ఎక్స్‌బాక్స్ వన్‌ను పరిచయం చేసినప్పుడు, కన్సోల్ 24 గంటలకు ఒకసారి నెట్‌కు తగిలి తనిఖీ చేసుకోకపోతే గేములు ఆడనివ్వదన్న షరతు ఉండేది. కొనుగోలుదారుల వ్యతిరేకత చూసి మైక్రోసాఫ్ట్ ఆ జూన్‌లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. ఎవరూ ప్రకటించకుండానే ఇలాంటి షరతు ప్లేస్టేషన్ 4లో దాగి ఉండేది. లోపలి గడియారానికి పెట్టిన బ్యాటరీ అయిపోయి, అదే సమయంలో సోనీ నెట్‌వర్క్ అందకపోతే, డిస్క్ గేములు కూడా మొదలయ్యేవి కావు. ట్రోఫీలు (గేములో సాధించినవాటికి ఇచ్చే గుర్తింపులు) సంపాదించిన తేదీలను ఎవరూ తారుమారు చేయకుండా గడియారాన్ని సర్వర్‌తో సరిచూసుకోవాలన్న ఏర్పాటే దీనికి మూలం. అభిమానులు ఎంతో కాలం అడిగాక 2021 సెప్టెంబరులో వచ్చిన 9.00 అప్‌డేట్ దీన్ని సరిచేసింది. ఇప్పటికీ అంతకుముందు అప్‌డేట్ మీద ఉండిపోయిన ప్లేస్టేషన్ 4 మీ అల్మరాలో ఉంటే, సర్వర్లు ఉండగానే ఒకసారి అప్‌డేట్ చేసి పెట్టుకోండి.

పీసీ డిస్కుల సంగతి ఇంకా కష్టం. ఇరవై ఏళ్ల నాటి పీసీ గేముల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. అది పనిచేయడానికి విండోస్‌లోనే ఉండే ఒక డ్రైవర్ కావాలి. భద్రతా లోపాల కారణంగా 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. దాంతో ఆ డిస్కులన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. అవే గేములు కొన్ని జీఓజీలో రక్షణ తీసేసిన రూపంలో దొరుకుతున్నాయి, ఇవాళ్టి విండోస్‌లో హాయిగా నడుస్తున్నాయి. అసలు డిస్క్ పెట్టెలో ఉండగా అదే గేమ్‌ను రెండోసారి డౌన్‌లోడ్‌గా కొనుక్కోవలసి రావడం బాధాకరమే అయినా, ఆడుకోవడానికి మిగిలినది ఆ డౌన్‌లోడే.

కార్ట్రిడ్జ్‌ల విషయంలో 2017లో వచ్చిన నింటెండో స్విచ్ దగ్గరిదాకా పరిస్థితి మెరుగ్గానే ఉంది. వాటిలో చాలావరకు గేమ్ కార్డు మీదే ఉంటుంది, కార్డు నుంచే నడుస్తుంది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2తో గేమ్-కీ కార్డులు అనే కొత్త రకం మొదలైంది. పెట్టె ఉంటుంది, కార్డు ఉంటుంది, కానీ కార్డులో గేమ్ ఉండదు. నెట్ నుంచి మొత్తం దించుకోవాలి, ఆపైన ఆడేటప్పుడు కార్డు కూడా లోపల ఉండాలి. డిస్క్‌కు ఉన్న అసౌకర్యమూ, డౌన్‌లోడ్‌కు ఉన్న అనిశ్చితీ రెండూ కలిసిన ఈ ఏర్పాటును నేను ఎవరికీ సిఫారసు చేయను. కాకపోతే ఆ విషయాన్ని పెట్టె ముందువైపే స్పష్టంగా అచ్చువేస్తున్నారు కాబట్టి కొనేముందు చూసుకోవచ్చు. అదే స్విచ్ 2 మీద సైబర్‌పంక్ 2077ను మొత్తంగా 64 గిగాబైట్ల కార్డులో పెట్టి అమ్మారు. తలచుకుంటే చేయగలరనడానికి ఇది నిదర్శనం, పైగా మొదటి డిస్క్ అంత అసంపూర్ణంగా వచ్చిన గేమే ఇలా పూర్తి రూపంలో కార్డు మీదికి రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

కన్సోల్ స్టోర్లలో కొనే డౌన్‌లోడ్‌ల గురించి నాకు పెద్ద సందేహాలేమీ లేవు: దాచుకోవడానికి ఇది బలహీనమైన దారి. నింటెండో 2019 జనవరిలో వీ స్టోర్‌నూ, 2023 మార్చిలో 3డీఎస్, వీ యూ స్టోర్లనూ మూసేసింది. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలైలో మూతపడింది. ప్లేస్టేషన్ 3, వీటా స్టోర్లను మూసేస్తామని సోనీ 2021 మార్చిలో ప్రకటించి, వచ్చిన నిరసనలు చూసి ఏప్రిల్‌లో ఆ నిర్ణయాన్ని విరమించుకుంది. స్టోర్ మూసినా అంతకుముందు కొన్నవాటిని తిరిగి దించుకునే వీలు కొంతకాలం ఉంచుతారు. ఆ కొంతకాలం ఎంతన్నది మాత్రం మన చేతుల్లో ఉండదు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్‌లో కొనడానికి దొరకడం లేదు. ఈ రంగం తన గతాన్ని ఎంత నిర్లక్ష్యంగా వదిలేసిందో అర్థం కావడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఇక్కడ ఎక్స్‌బాక్స్‌ను ఒక విషయంలో మెచ్చుకోవాలి. ప్లేస్టేషన్ 3లోని సెల్ ప్రాసెసర్ నిర్మాణం మిగతావాటికి పూర్తిగా భిన్నమైనది కావడంతో, ఆ డిస్కులను ప్లేస్టేషన్ 4 గానీ 5 గానీ చదవవు. మైక్రోసాఫ్ట్ మాత్రం 2015 నుంచి ఎంపిక చేసిన ఎక్స్‌బాక్స్ 360 గేములను, తర్వాత మొదటి తరం ఎక్స్‌బాక్స్ గేములలో కొన్నింటినీ కొత్త కన్సోళ్లపై నడిచేలా చేసింది. పాత డిస్క్ పెడితే గేమ్ గుర్తింపు మాత్రం దాని నుంచి తీసుకుని, అసలు గేమ్‌ను నెట్ నుంచి దించుకుంటుంది. అంటే ఇక్కడ కూడా డిస్క్ తాళంచెవే. అయినా ఆ తాళంచెవికి ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒక తలుపు తెరుచుకుంటోందంటే, దాని వెనక ఉన్న ఇంజనీర్ల శ్రమను గౌరవించాలి.

ఇక పీసీ. నిజానికి నా మొగ్గు ఎటు ఉందో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, అయినా స్టీమ్‌కు దక్కాల్సిన న్యాయం దక్కాలి. 2003లో మొదలైన స్టీమ్ నుంచి అమ్మకం ఆపేసిన గేములను కూడా, ముందే కొన్నవారు సాధారణంగా దించుకోగలుగుతున్నారు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వల్ల, ఆ తర్వాత 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి పీసీ వల్ల, విండోస్ కోసం రాసిన వేలాది గేములు లైనక్స్‌పై ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. గేములను దాచుకోవాలనుకునేవారికి ఇది చాలా పెద్ద మేలు, ఎందుకంటే ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌పై ఆధారపడే గేమ్ ఆ సిస్టమ్‌తో పాటే ముసలిదైపోతుంది. స్టీమ్ కాపీ రక్షణ వాడాలా వద్దా అన్నది గేమ్ తయారుచేసినవారి ఇష్టం కావడంతో, స్టీమ్‌లో కొన్న కొన్ని గేములను ఫోల్డర్‌తో సహా మరో డ్రైవ్‌లోకి కాపీ చేసి స్టీమ్ లేకుండానే తెరవవచ్చు. నేను ఇలా చాలావాటిని పరీక్షించి, పనిచేసినవాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్నాను.

స్టీమ్‌తో నాకున్న అభ్యంతరాలు రెండు. ఒప్పందం ప్రకారం ఖాతాను మరొకరికి బదిలీ చేయడం కుదరదు, కాబట్టి నా తర్వాత నా గేములు ఎవరికీ చెందవు. రెండోది, స్టీమ్ క్లయింట్ (పీసీలో గేములను తెరిచే స్టీమ్ యాప్) పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లను వదులుకుంటూ ముందుకు పోతుంది. 2024 జనవరి 1తో విండోస్ 7, 8లకు మద్దతు ఆగిపోయింది. పాత గేమ్‌ను దాని కాలం నాటి పీసీపై, దాని కాలం నాటి విండోస్‌పై ఆడుకోవాలనుకునేవారికి ఇది ఇబ్బందే. గేమ్ అక్కడ నడుస్తుంది, దాన్ని తెరిచిపెట్టాల్సిన స్టీమ్‌కు ఆ విండోస్‌లో మద్దతు లేదు.

జీఓజీ 2008లో గుడ్ ఓల్డ్ గేమ్స్ పేరుతో, పాత గేములను ఇవాళ్టి కంప్యూటర్లపై నడిచేలా సరిచేసి అమ్మడంతో మొదలైంది. విండోస్‌కు ముందటి డాస్ గేములకు, వాటిని ఇప్పుడు నడిపించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను జతచేసి ఇవ్వడం, విండోస్ గేములకు కావలసిన సర్దుబాట్లు ముందే చేసి పెట్టడం దాని బలం. 2024 నవంబరులో మొదలుపెట్టిన సంరక్షణ కార్యక్రమంలో తొలి విడతగా వంద గేములను ఎంచుకుని, అవి ముందుముందు కూడా నడిచేలా చూసుకుంటామని మాటిచ్చింది. కానీ వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైనది, నేను రౌటర్ ఆపేసిన రాత్రి చూసిన ఆ ఇన్‌స్టాలరే. చట్టపరంగా జీఓజీ కూడా అమ్మేది లైసెన్సే. తేడా ఏమిటంటే, ఆ ఫైలు నా డ్రైవ్‌లోకి వచ్చాక దాన్ని వెనక్కి లాక్కునే యంత్రాంగం ఎవరి దగ్గరా లేదు. 2025 నుంచి అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం ఒకటి, డిజిటల్ వస్తువును అమ్మేటప్పుడు అది కేవలం లైసెన్సేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలంటుంది. నెట్ లేకుండా శాశ్వతంగా వాడుకునేలా దించుకోనిచ్చే వస్తువులను మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయించింది. నేను అనుభవంతో గ్రహించిన తేడానే చట్టం రాసినవారు కూడా గుర్తించారని చదివినప్పుడు నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

జీఓజీలో లోపాలు లేవని కాదు. పెద్ద సంస్థల కొత్త గేములు చాలావరకు అక్కడికి ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలు రావు. ప్యాచ్‌లు స్టీమ్‌లో వచ్చిన రోజే రావాలని లేదు. నలుగురు కలిసి ఆడుకునే భాగానికి చాలాసార్లు జీఓజీ గెలాక్సీ క్లయింట్ కావలసిందే. అన్నిటికన్నా ముఖ్యంగా, దాచుకునే బాధ్యత మొత్తం మన మీద పడుతుంది. ఇప్పటి పెద్ద గేములు ఒక్కొక్కటి వంద గిగాబైట్లు దాటుతున్నాయి. హార్డ్ డిస్క్ ఏదో ఒక రోజు చెడిపోతుంది. ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి అల్మరాలో పెట్టేస్తే అందులోని సమాచారం క్రమంగా చెరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే నేను రెండు హార్డ్ డిస్కులలో రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాన్ని వేరే చోట ఉంచి, ఆరు నెలలకు ఒకసారి రెండింటినీ తగిలించి, ఒక్కో గేమ్‌ను ఇన్‌స్టాల్ చేసి చూస్తాను. కొత్త ప్యాచ్ వచ్చిన ఇన్‌స్టాలర్‌ను దించుకున్నప్పుడు పాతదాన్ని వెంటనే చెరపను, ఎందుకంటే పాటలు పోయిన ఆ గేమ్ కథ నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఈ శ్రమ అందరూ చేయలేరని నాకు తెలుసు. చేయలేనివారికి స్టీమే మేలు.

నెలవారీ చందాతో ఆడుకునే గేమ్ పాస్ వంటివి కొత్త గేములను రుచి చూడటానికి బాగుంటాయి, కానీ జాబితా నుంచి గేమ్ వెళ్లిపోతే మన దగ్గర ఏమీ ఉండదు. క్లౌడ్‌లో కొనుక్కునే గేములకు 2019 నవంబరులో మొదలై 2023 జనవరి 18న మూతపడిన గూగుల్ స్టేడియా ఉదాహరణ చాలు. డబ్బు తిరిగి ఇచ్చారు, గేములు మాత్రం పోయాయి. దాచుకోవడం అన్న మాట వచ్చినచోట ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, కన్సోల్ కొనేవారు డ్రైవ్ ఉన్న మోడలే తీసుకోవాలన్నది నా సలహా. ప్లేస్టేషన్ 5 ప్రోలో డ్రైవ్ ఉండదు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లోనూ ఉండదు. 2023 చివర్లో వచ్చిన ప్లేస్టేషన్ 5 మోడళ్లకు, అలాగే ప్రోకు, డ్రైవ్‌ను విడిగా కొని తగిలించుకోవచ్చు. కానీ మొదటిసారి తగిలించినప్పుడు కన్సోల్ నెట్‌కు వెళ్లి ఆ డ్రైవ్‌ను నమోదు చేసుకోవాలి. తర్వాత ఎప్పుడో అవసరమైనప్పుడు కొందామనుకునేవారు ఈ ఒక్క కారణంతో ఇప్పుడే కొని, తగిలించి, నమోదు పూర్తిచేసుకోవాలి. డ్రైవ్ వచ్చాక ప్రతి గేమ్‌నూ మొదటిరోజే కొనకుండా, పెద్ద ప్యాచ్‌లన్నీ కలిపి అచ్చువేసిన కంప్లీట్ ఎడిషన్ వచ్చేదాకా ఆగితే, ఆ డిస్క్ దాచుకోవడానికి పనికొచ్చేదవుతుంది. అయితే పెట్టె మీద కంప్లీట్ అని ఉన్నా, అదనపు భాగాలను లోపల డౌన్‌లోడ్ కోడ్‌గా ఇచ్చేవి కూడా ఉన్నాయి. అలాంటివి ఒకసారి వాడాక ఖాతాకే అతుక్కుపోతాయి కాబట్టి, కొనేముందు అన్నీ డిస్క్ మీదే ఉన్నాయా అన్నది విచారించుకోవాలి.

పీసీ ఉన్నవారికి నా క్రమం ఇది: జీఓజీలో ఉంటే అక్కడే కొంటాను, లేకపోతే ఏడాది ఆగి చూస్తాను, అప్పటికీ రాకపోతే స్టీమ్‌లో తీసుకుంటాను. కన్సోల్‌కు మాత్రమే పరిమితమైన గేమ్ అయితే డిస్క్ కొంటాను, కొన్న రోజునే కన్సోల్‌ను నెట్ నుంచి విడదీసి, ఇన్‌స్టాల్ చేసి, మొదటి అధ్యాయం ఆడి చూస్తాను. లాగిన్ పెట్టె అడ్డొస్తే వెనక్కి ఇచ్చేందుకు గడువు ఇంకా ఉంటుంది. ఆన్‌లైన్‌లో మాత్రమే బతికే గేములను స్నేహితులతో గడిపే సాయంత్రాల కోసం సంతోషంగా ఆడతాను, వాటి మీద పెట్టిన డబ్బును సినిమా టికెట్ డబ్బులా లెక్కవేసుకుంటాను, డిస్క్‌లు మాత్రం కొనను.